మేదస్సు, మధుమేహము



బొజ్జ పెరిగినచో భాగ్యము పెరిగినదని సంతసించుట మనలో చిరకాలపు వాడుక. ఆ తలంపును మార్చుకొనవలసిన కారణము తెలుపు చరిత్ర యొకటి మా సికింద్రాబాదు చెంతనే కలదు.

ఇచ్చటికి చేరువ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరునందు మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒక్క గదిలో దీనిని ప్రారంభించెను. 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చినది. ఆహారపు కొఱతవలన గలుగు రోగములను శోధించుటకు పుట్టిన యా సంస్థలో, తరతరములుగా పెంచుచున్న యెలుకలలో కొన్ని మితిమీఱి లావెక్కుట శాస్త్రజ్ఞులు చూచిరి. ఆ జాతిని గూర్చి 1996లో లోకమునకు తెల్పిరి. అట్టి వానిలో నొక శాఖకు రక్తమునందలి చక్కెరను అదుపున నుంచుకొను శక్తియు తగ్గియుండెను. లేమిని వెదకిన చోటనే కలిమి రోగము కానవచ్చినది.

లావునకును చక్కెరకును నడుమ నేమున్నది? 1876లో ఎబ్‌స్టయిన్ అను జర్మను వైద్యుడు సాలిసిలేటు మందుచే మధుమేహరోగుల మూత్రమందలి చక్కెర తగ్గుట గమనించెను. అది కీళ్లవాపునకు వాడు మందు. వాపు తీయునది చక్కెర నేల తగ్గించెనో నాడు బోధపడలేదు. 1921లో టొరాంటోనగరమున ఇన్సులిన్ లభించిన పిదప ఆ ప్రశ్న మఱుగునబడెను.

1993లో అమెరికాలో హోతమిస్లిగిల్, స్పీగెల్మన్ మున్నగువారు సమాధానము చూపిరి. లావెక్కిన జంతువుల క్రొవ్వు టి.ఎన్.ఎఫ్. అను మాంసకృత్తును పుట్టించును. అది లోలోపల వాపును రగిల్చి, ఇన్సులిన్ పనికి అడ్డుపడును. 1995లో క్రొవ్వునుండియే పుట్టు అడిపోనెక్టిన్ అను వేఱొక మాంసకృత్తు బయల్పడెను. ఇది వాపును చల్లార్చి ఇన్సులిన్‌కు తోడ్పడును. వింత యేమనగా, క్రొవ్వు పెరిగినకొలది ఇది తగ్గును. తడిధాన్యము కుక్కిన గాదె లోలోపల వేడెక్కునుగదా! నిండిన మేదస్సును నట్టిదే.

అడిపోనెక్టిన్‌ను మందుగా నిచ్చుట ఇంకను సామాన్య వైద్యమునకు రాలేదు. వైద్యుని యనుమతిలేక సాలిసిలేటును చక్కెరకై మ్రింగరాదు. మితభోజనము, నడక, నడుము తగ్గుట: ఇవియే మనచేతిలోనివి. కాళ్లుచేతులు సన్ననైనను నడుముచుట్టు క్రొవ్వు చేరినచో ఆపద కలదు. కావున నెవ్వరి బొజ్జనైన చూచి కలిసివచ్చినదని మెచ్చుకొనుటకు ముందు, రక్తము పరీక్ష చేయించుకొమ్మని చెప్పుడు. అదియే నిజమైన ఆశీర్వచనము.