‘క్రీడావిశేషము’ దాటి: సురవరం ప్రతాపరెడ్డి, జాన్ డ్యూయీ ఆలోచనల్లో ఆట

సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడింది. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన తొలి గ్రంథం (1955) ఇదే. అధ్యాయాల పేర్లు చాలావరకు రాజవంశాలవే అయినా లోపలి విషయం ప్రజలది: తిండి, బట్ట, వృత్తులు, నమ్మకాలు, వినోదాలు. వీటిలో ఆటలకు ఆయన ఇచ్చిన స్థానాన్ని అమెరికన్ తత్త్వవేత్త జాన్ డ్యూయీ (1859–1952) ఆలోచనతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ఒకరి ప్రభావం మరొకరిపై ఉన్నదని నిరూపించడం కాదు. ఒకరి పద్ధతిని మరొకరి వెలుగులో చూసినప్పుడు తెలుగు సాహిత్య పరిశోధనకు తేలే ప్రశ్న ఏమిటన్నదే ఇక్కడ ముఖ్యం.

పాశ్చాత్య విద్యలో ‘లిబరల్ ఆర్ట్స్’ అంటే మొదట స్వతంత్రులు అభ్యసించదగిన విద్యలు. ఆ విభజన మూలాన్ని డ్యూయీ ‘డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్’ (1916)లో ప్రాచీన గ్రీకు సమాజంలో చూపించాడు. శ్రమ బానిసలది, తీరిక పౌరులది కావడం వల్లనే చేతిపని ఒకవైపు, ఉదారవిద్య మరొకవైపు చీలిపోయాయని ఆయన వాదన. అందుకే అదే గ్రంథంలో ఆటను, పనిని పాఠ్యప్రణాళికలో భాగంగా చర్చించాడు. ‘ఆర్ట్ యాజ్ ఎక్స్‌పీరియెన్స్’ (1934) ఆరంభంలో కళను అర్థం చేసుకోవడానికి మ్యూజియంలో కాక నిత్యజీవితంలో మొదలుపెట్టాలంటూ, బంతి ఆటగాడి దేహంలోని బిగువైన లాఘవం చూసేవారికి సోకే తీరును ఉదాహరించాడు. అమెరికన్ల వాడుకలో ఆ మాట ప్రధానంగా బేస్‌బాల్ ఆటగాడినే స్ఫురింపజేస్తుంది.

భారతీయ సంప్రదాయంలో ఈ హద్దు మరో విధంగా ఉంది. వాత్స్యాయనుడి చతుష్షష్టి కళల జాబితాలో సంగీతం, నృత్యాలతో పాటు ద్యూతం, కోళ్ల పందెం, బాలక్రీడనకాలు, వ్యాయామవిద్య కూడా ఉన్నాయి. అంటే ఆట విద్యకు వెలుపలిది కాదు. అయితే ఆ జాబితా ఉద్దేశించినది ముఖ్యంగా తీరిక గల నాగరక జనాన్ని. ప్రతాపరెడ్డి చూపు వీథిలోని పిల్లల దాకా వెళ్లింది. కాకతీయుల కాలానికి ‘క్రీడాభిరామము’ను, తరవాతి కాలానికి అయ్యలరాజు నారాయణామాత్యుడి ‘హంసవింశతి’ని ఆయన సాక్ష్యాలుగా స్వీకరించాడు. రసచర్చకే పరిమితమైన కావ్యం ఆయన చేతిలో జనజీవితానికి పత్రమైంది.

ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. కావ్యం ఆట పేరును భద్రపరుస్తుంది, ఆడే పద్ధతిని కాదు. నిఘంటువు ఆ పేరుకు ‘బాలక్రీడావిశేషము’ అని అర్థమిచ్చి ఊరుకుంటుంది. డ్యూయీ దృష్టిలో అర్థం క్రియ నుంచి విడిగా ఉండదు. బేస్‌బాల్‌లో ‘స్ట్రయిక్’ అంటే కొట్టడమని మాత్రమే తెలిసినవాడికి, బంతిని కొట్టలేకపోయినా అది ‘స్ట్రయిక్’ ఎలా అవుతుందో, మూడు పడగానే ఆటగాడు ఎందుకు తప్పుకుంటాడో బోధపడదు. చిర్రగోనె ఆడని పాఠకుడికి ‘చిర్ర’, ‘గోనె’ కేవలం రెండు కర్రముక్కలైనట్టే ఇదీ.

ఈ లోపం కావ్యపఠనాన్నే దెబ్బతీయగలదు. పల్నాటి వీరగాథలో బాలచంద్రుడి బొంగరం ఒక స్త్రీకి తగులుతుంది. ఆమె ఎత్తిపొడుపుతో అతడు యుద్ధానికి కదులుతాడు. ములికి దిగ్గొట్టిన బొంగరాన్ని తాడుతో ఎంత వేగంగా విసురుతారో తెలిసినవారికి ఆ గాయం సహజంగా కనిపిస్తుంది. తెలియనివారికి అది కథ నడపడానికి కల్పించిన సాకుగా తోస్తుంది.

అయితే కావ్యంలోని ప్రతి జాబితానూ చరిత్రగా తీసుకోలేము. పదసంపదను ప్రదర్శించడానికి కవి పేర్లను పేర్చి ఉండవచ్చు. ముందటి కావ్యం నుంచి గ్రహించి ఉండవచ్చు. పేరుకు నేటి ఆటతో పొత్తు కుదిరినప్పుడే సాక్ష్యం బలపడుతుంది. అది గ్రంథాలయంలో మాత్రమే తేలే విషయం కాదు. ప్రతాపరెడ్డి కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో పుట్టినవాడు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవాడు. గ్రామజీవితంతో ఆయనకున్న ఈ పరిచయాన్ని ఆయన పద్ధతిలో భాగంగానే చూడవలసి ఉంటుంది. అలంపురం, గద్వాల, గట్టు ప్రాంతాల్లో పెద్దలకు గుర్తున్న ఆటలను నియమాలతో, పాటలతో, పనిముట్ల పేర్లతో నమోదుచేసి కావ్యాల్లోని పేర్లతో పోల్చడం ఆ పద్ధతికి తగిన కొనసాగింపు.

డ్యూయీ ఆటలో అనుభవాన్ని చూశాడు. ప్రతాపరెడ్డి చరిత్రను చూశాడు. ఇద్దరూ కూల్చినది ఒకే గోడను: తెలుసుకోదగినది, తెలుసుకోదగనిది అంటూ విద్య కట్టుకున్న గోడను. పుస్తకం పేరును కాపాడింది. నియమం ఇంకా కొందరి జ్ఞాపకంలోనే ఉంది. ఆ తరం దాటిపోతే ‘క్రీడావిశేషము’ అన్న మాటే మిగిలి, ఏ విశేషమో చెప్పేవారు ఉండరు.