'నష్టనీడ్' నుంచి 'చారులత' వరకు: మారిన కాలం, మారిన ముగింపు

ఉపోద్ఘాతం:
రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో 'భారతి' పత్రికలో ప్రకటించిన నవలిక 'నష్టనీడ్' (చెదిరిన గూడు). సత్యజిత్ రాయ్ దీనిని 1964లో 'చారులత'గా తెరకెక్కించారు. మూలానికి విధేయంగా లేదన్న విమర్శకు రాయ్ బెంగాలీలో ఒక వ్యాసమే సమాధానంగా రాశారు. విధేయత అన్న ఒక్క కొలతతో తూచడం కంటే, ఆయన చేసిన మార్పులు కథలోని స్త్రీని చరిత్రలో ఎక్కడ నిలిపాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాలం – పత్రిక:
ఠాగూర్ కథాకాలాన్ని సంవత్సరంతో నిర్దేశించలేదు. ఆంగ్ల పత్రికా సంపాదకుడైన భూపతి ప్రభుత్వ సరిహద్దు విధానంపై రాయడంలో మునిగి, భార్య చారులత యౌవనంలో అడుగుపెట్టిన సంగతే గమనించడు. రాయ్ ఈ కథను 1879-80లో నిలిపారు. దేశభాషా పత్రికలపై ఆంక్షలు విధించిన 1878 చట్టం ఆంగ్ల పత్రికలను మినహాయించిన కాలమది. 1880లో బ్రిటన్‌లో ఉదారవాదులు గెలిస్తే భూపతి ఇంట వేడుక జరుగుతుంది. సముద్రాల అవతలి ఎన్నికల ఫలితం తెలిసినవాడికి పక్కగదిలోని ఒంటరితనం తెలియదు. నవలికలోని వ్యంగ్యం చిత్రంలో కచ్చితమైన కాలాన్ని సంతరించుకుంది.

అచ్చు – స్త్రీ రచన:
నవలికలో చారు కోరుకున్నది తనకూ, భర్త మేనత్త కొడుకైన అమల్‌కూ మాత్రమే పరిమితమైన రాతపత్రిక. అమల్ ఆమె రచనను అచ్చుకిస్తాడు. దానితో ఆ ఏకాంతం చెదురుతుంది. చిత్రంలో చారు తన గ్రామస్మృతులను తానే రాసి పత్రికకు పంపుతుంది. అంతేకాదు, సముద్రతీరాన భర్తతో కొత్త పత్రిక గురించి మాట్లాడుతూ బెంగాలీ భాగం తాను చూస్తానంటుంది. మూలంలో లేని ఈ అవకాశం రాయ్ కల్పన.

ముగింపు ఘట్టాలు:
నవలికలో చారు నగలతో రహస్యంగా డబ్బు సమకూర్చి ఇంగ్లండులోని అమల్‌కు టెలిగ్రాం పంపుతుంది. జవాబు భూపతి చేతికి చిక్కడంతో నిజం బయటపడుతుంది. చిత్రంలో అమల్ ఉత్తరం చూసి ఆమె పెట్టిన ఏడుపే భర్తకు అంతా చెబుతుంది. నవలిక చివర మైసూరుకు బయలుదేరే భూపతి తొలుత వెనుకాడి, ఆమె ముఖం చూసి తనతో రమ్మంటాడు. చారు క్లుప్తంగా వద్దంటుంది. చిత్రంలో పిలిచేది, చేయి చాచేది చారు. చేతులు కలవకముందే దృశ్యం నిశ్చలమై తెరపై నవలిక పేరు కనిపిస్తుంది.

ముగింపు:
పిలుపు భూపతి నుంచి చారుకు మారింది. నిరాకరణ స్థానంలో సందిగ్ధం వచ్చింది. రాయ్ చారుకు అచ్చులోకి దారి తెరిచారు గాని, కాదనే హక్కును తీసివేశారు. ఠాగూర్ ఆమెకు మిగిల్చిన ఆత్మగౌరవం ఆ హక్కులోనే ఉంది. ఆధునికత పెరిగినంత మాత్రాన పాత్ర స్వేచ్ఛ పెరగదని ఈ తులన సూచిస్తుంది.