యంత్రము నేర్పిన చదువు: వయోజన విద్యాచరిత్రలో కంప్యూటరు

వయోజన విద్యాచరిత్రను వ్రాయువారు రాత్రిబడులతోను గ్రంథాలయోద్యమముతోను ఆరంభించి, 1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమమును, 1988లో ఏర్పడిన జాతీయ సాక్షరతా మిషన్‌ను పేర్కొని విరమించుట వాడుక. కంప్యూటరు ప్రసక్తి వచ్చినచో అది నిన్నమొన్నటి సంగతి యని దాటిపోవుదురు. కాని తెలుగుదేశమున ఆ కథకు పావు శతాబ్దము నిండినది.

2000 సంవత్సరమున, నాటి మెదక్ జిల్లాలోని బీరంగూడ గ్రామమున, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ ఎఫ్.సి. కోహ్లీ ప్రేరణముతో వయోజనులకు కంప్యూటరు ద్వారా తెలుగు చదువ నేర్పు ప్రయోగము నారంభించెను. పాఠ్యవస్తువు సాక్షరతా మిషన్ వాచకములదే. పద్ధతి మాత్రము క్రొత్తది. అక్షరమాలతో గాక పదముతోనే ఆరంభము. పదము తెరపై బొమ్మవలె కనబడును, దాని ఉచ్చారణ వినబడును, పిదప అది భాగములుగా విడివడి మరల కూడుకొనును. సుమారు 40 గంటలలో అభ్యాసకులు వార్తాపత్రికను కూడబలుకుకొని చదువగలరని నిర్వాహకులు చెప్పిరి. పలకపై గుణింతములు దిద్దించు మన సంప్రదాయమునకు ఇది పూర్తిగా ఎదురు నడక. సంస్థలు వాడి విడిచిన పాత యంత్రములతోనే పని జరుగుటయు, శిక్షితోపాధ్యాయుని యవసరము లేకుండుటయు దీని ఆకర్షణలు.

అయితే ఇందు వ్రాతకు చోటు లేదు. కాలము కలిసివచ్చుటకై దానిని బుద్ధిపూర్వకముగనే విడిచిరి. మన జనగణన నిర్వచనము ప్రకారము 7 ఏండ్లు మొదలుకొని ఏదేని భాషను అర్థవంతముగా చదువను వ్రాయను నేర్చినవారే అక్షరాస్యులు. కావున కేవలమీ పాఠములు ముగించినవాడు ఆ లెక్కలోనికి రాడు. ఇది నిర్వచనపు చిక్కు మాత్రమే యని మేము తలపము. బస్సుపై ఊరి పేరు చదువుటకు చదువు చాలును. కొలువునకు దరఖాస్తు నింపుటకు చాలదు. మరియొకటి: 1990 దశకారంభమున నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేకోద్యమమునకు సాక్షరతా తరగతులే పురుడు పోసినవి. అచట వాచకములోని పాఠము స్త్రీల నడుమ చర్చ యయ్యెను. ఆ పని తెరవలన కాగలదా యనునది మా సందేహము.

2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ వచ్చుటతో బోధించు యంత్రమే బోధ్యవిషయమైనది. 14 నుండి 60 ఏండ్లవారిలో 6 కోట్ల గ్రామీణులకు శిక్షణ లక్ష్యము. పాఠ్యకాలము 20 గంటలు. పరికరముల వాడుక, అంతర్జాలము, నగదురహిత చెల్లింపులు అందలి ముఖ్యాంశములు. 2024 మార్చి 31న పథకము ముగియునాటికి లక్ష్యము దాటినది. చదువుటకే 40 గంటలు పట్టిన అభ్యాసకునకు ఈ 20 గంటలలో జీవనోపాధికి తగిన నేర్పు అలవడుననుట మాకు సాహసముగ తోచుచున్నది. శిక్షితుల సంఖ్య వేరు, పనిలో కుదిరినవారి సంఖ్య వేరు. 2022లో మొదలైన నవభారత సాక్షరతా కార్యక్రమము 15 ఏండ్లు పైబడినవారికి చదువు, వ్రాత, లెక్కలతోపాటు డిజిటల్ నేర్పును, వృత్తినైపుణ్యములను ఒక్కచో చేర్చుట ఈ లోపమును గుర్తించుటయే కావచ్చును.

బీరంగూడ వంటి గ్రామములలో తెరపై చదువనేర్చినవారు తరువాత ఎందరు కలము పట్టిరో, ఎందరు ఆ చదువును నిలుపుకొనిరో ఇంటింట విచారించి తేల్చుట పరిశోధక విద్యార్థులకు మిగిలియున్న పని.