కూతురి దాయహక్కు: శాసనములలోని గడువుల చరిత్ర

తెలుగువాడుకలో దాయాది యనగానే మనస్సునకు తోచువాడు పురుషుడు. అన్నదమ్ముల బిడ్డలలో మగవారు దాయాదులు. ఆ యింటనే పుట్టిన కూతురు ఆడపడుచు. దాయాదికి పాలు కలదు. ఆడపడుచునకు మర్యాద కలదు. ‘ఆడపిల్ల’ యను మాటను విరిచి, ఆమె ‘ఆడ’ పిల్లయే కాని ‘ఈడ’ పిల్ల కాదని జనులు చమత్కరింతురు. ఈ చమత్కారము వ్యుత్పత్తి విచారమునకు నిలువదు. కాని శతాబ్దులపాటు అమలులోనున్న యొక ఆస్తిన్యాయము దానియందు సంగ్రహముగా ఇమిడియున్నది.

ఆ న్యాయమును శాసనము ఎట్లు మార్చినదను కథ పలువురు వ్రాసినదే. హక్కు ఏ సంవత్సరమున వచ్చెనో చెప్పి ఊరకొనుట చరిత్రకారునకు చాలదు. ప్రతి శాసనమును ఒక తేదీని నిర్ణయించి, దానికి ఈవలనున్న వారికి హక్కు నొసగి ఆవలనున్న వారిని వెలుపల నిలుపును. ఆ గడువు గీయబడిన చోటనే సంఘపు సంకోచము స్పష్టముగా కానవచ్చునని మా అభిప్రాయము. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 1986 నాటి సవరణను ఈ దృష్టితో పరిశీలింపబూనితిమి.

ముందుగా మూలమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. కల్యాణి చాళుక్యప్రభువైన ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రచించిన మితాక్షరా వ్యాఖ్య దక్షిణదేశమున ప్రమాణగ్రంథమయ్యెను. 13వ శతాబ్దిలోనే కేతన దానిని ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర తెలుగుపద్యములలోనికి తెచ్చెను. ధర్మశాస్త్రము సంస్కృతపండితులకు మాత్రమే పరిమితము కాక దేశభాషలోనికి దిగివచ్చెననుటకు ఇది గొప్ప నిదర్శనము.

మితాక్షరా సిద్ధాంతము ప్రకారము పితృపితామహుల ఆస్తియందు కుమారునకు పుట్టుకతోడనే హక్కు కలుగును. కూతునకు ఈ జన్మహక్కు లేదు. ఐనను ఆమెకు ఏమియు లేదనుట సరికాదు. తండ్రి గతించిన పిమ్మట పెండ్లికాని చెల్లెలికి సోదరులు నాల్గవవంతు భాగము నీయవలెనని స్మృతి విధించినది. ఆ భాగము పెండ్లి ఖర్చులకు చాలినంత మాత్రమేయన్న వాదమును విజ్ఞానేశ్వరుడు నిరాకరించి, అది నిజముగా భాగమేయని నిలిపెను. కాలక్రమమున ఆచారమునందును, పిదప ఆంగ్లేయుల న్యాయస్థానములయందును ఆ భాగము క్షీణించి, పోషణము, వివాహవ్యయము అను రెండింటికి కుదించుకొనిపోయెను. కావున కూతురి పాలును తీసివేసినది కేవలము ప్రాచీనశాస్త్రమేయని తలచుట పొరపాటు. శాస్త్రము చెప్పిన కొద్దిపాటిని సైతము వ్యవహారము మ్రింగివేసినది.

పోయినదానికి బదులుగా తెలుగుదేశపు ఆచారము రెండు త్రోవలు కనిపెట్టెను. పెండ్లినాడు పసుపుకుంకుమల క్రింద కూతునకు కొంత భూమి నిచ్చుట మొదటిది. ఇది హక్కుగా గాక తండ్రి ప్రీతిగా ఎంచబడెను. ఎంత యీయవలెనను నియమము లేదు, ఈయకున్న అడుగుటకు వీలు లేదు. రెండవది ఇల్లరికము. మద్రాసు రాజధానిలోని రెడ్డి, కమ్మ కులములలో ఈ ఆచారము కలదని 19వ శతాబ్దిలోనే న్యాయస్థానములు అంగీకరించినవి. మామగారింట నిలిచి వ్యవసాయము చేసిన అల్లుడు కొడుకుతో సమానముగా భాగము పొందును. ఇందొక విశేషమున్నది. ఆస్తి కూతురిని ఆధారము చేసికొనియే సంక్రమించును. కాని ఆమె చేతిమీదుగా గాక భర్త పేరిట సంక్రమించును. కూతురింటికి ఆస్తి చేరుటను సంఘము సహింపగలిగినది. కూతురే ఆస్తికి కర్త యగుటను సహింపలేకపోయినది.

20వ శతాబ్దిలో శాసనసంస్కరణము మొదట వితంతువును చేరెను. 1937 నాటి హిందూస్త్రీల ఆస్తిహక్కుల చట్టము భర్త ఆస్తిలో ఆమెకు కొడుకుతో సమానమైన భాగము నొసగెను. కాని ఆ హక్కు జీవితకాలమునకు పరిమితము. ఆ చట్టమున కూతురి ప్రసక్తియే లేదు. పైగా గవర్నర్ల పాలనలోని రాష్ట్రములలో వ్యవసాయభూమికి అది వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు అభిప్రాయపడెను. భూమియే ఆస్తియైన దేశమున భూమికి వర్తింపని ఆస్తిచట్టము ఎంతటి ఉపకారమో ఊహించుకొనవచ్చును.

సమగ్రమైన హిందూస్మృతిని కూర్చుటకై బి. ఎన్. రావు అధ్యక్షతన సంఘము పనిచేసెను. ఆ బిల్లును నెగ్గింపబూనిన న్యాయశాఖామంత్రి అంబేద్కరు అది ముందునకు సాగకపోవుటచే 1951లో రాజీనామా చేసెను. పిదప అది ఖండములుగా చట్టమయ్యెను. అందొకటియగు 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమున కూతునకు కొడుకుతో సమానస్థానము నిచ్చెను. స్త్రీ పొందిన ఆస్తిపై ఆమెకు సంపూర్ణహక్కును ప్రసాదించెను. అయినను మితాక్షరా ఉమ్మడి కుటుంబమును ముట్టుకొనలేదు. తండ్రి మరణించినపుడు ఆయన వంతునకు వచ్చు భాగములో మాత్రమే కూతునకు పాలు లభించెను. తండ్రియు ఒక్క కొడుకును ఒక్క కూతురును ఉన్న కుటుంబమును ఉదాహరణగా గైకొందము. ఉమ్మడి ఆస్తిలో సగము కొడుకునకు జన్మహక్కుగా పోవును. తండ్రి సగము మరల ఇరువురకు సమముగా పంచబడును. కొడుకునకు నాలుగింట మూడు పాళ్లు, కూతునకు ఒక పాలు. సమానత్వమను పేరున్న చట్టము ఇచ్చిన లెక్క యిది. ఆ పాలునందును, సోదరులు పంచుకొనదలచువరకు కాపురపుటింటిని పంచుమని అడుగు అధికారము ఆమెకు లేదు.

ఈ కాలముననే తెలుగునాట మరియొక ప్రశ్న ముదిరెను. గురజాడ ‘కన్యాశుల్కము’ తొలికూర్పు 1897లో వెలువడెను. 20వ శతాబ్ది మూడవ దశాబ్దమున కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయము’ వచ్చెను. ఈ రెండు నాటకముల పేర్లను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, వివాహమున ధనము ప్రవహించు దిక్కు మారుట సాహిత్యమున ఎట్లు నమోదయ్యెనో తెలియును. కట్నమును నిషేధించుటలో ఆంధ్రప్రదేశ్ కేంద్రమునకు ముందే నడచినది. 1958లోనే రాష్ట్రము తన వరకట్న నిషేధ చట్టమును చేసికొనెను. 1961 నాటి కేంద్రచట్టము దానిని రద్దుచేసి దాని స్థానమును ఆక్రమించెను. నిషేధము శాసనమున నిలిచెను. కట్నము పెండ్లిపందిరిలో నిలిచెను.

ఇట్టి నేపథ్యమున వచ్చినది ఆంధ్రప్రదేశ్ వారి 1986 నాటి 13వ చట్టము. ఎన్. టి. రామారావు ముఖ్యమంత్రిగా నున్న కాలమున చేయబడిన యీ సవరణ 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చినట్లు పరిగణింపబడెను. 1956 నాటి చట్టమునకు 29-ఎ మొదలైన సెక్షనులను చేర్చి, కూతురు కొడుకువలెనే పుట్టుకతో సహదాయాదియగునని చాటెను. 1975లో కేరళ ఉమ్మడి కుటుంబపద్ధతినే తొలగించియుండెను. ఆంధ్రప్రదేశ్ ఆ మార్గమును అనుసరింపలేదు. ఉమ్మడి కుటుంబమును ఉంచి దాని తలుపును కూతునకు తెరచెను. 1989లో తమిళనాడు, 1994లో కర్ణాటక, మహారాష్ట్రములు ఈ పద్ధతినే గ్రహించినవి.

ఈ చట్టపు పీఠిక మిక్కిలి గమనింపదగినది. స్త్రీయైనంతమాత్రమున కూతురిని ఉమ్మడి ఆస్తినుండి తొలగించుట రాజ్యాంగపు సమానత్వమునకు విరుద్ధమనియు, ఆ తొలగింపే వరకట్న దురాచారమునకు కారణమైనదనియు, దానిని నిర్మూలించుటకు నిర్మాణాత్మకమైన చర్య అవసరమనియు అందు చెప్పబడినది. 1958 నాటి చట్టము కట్నమును నేరముగా చూచినది. 1986 నాటి చట్టము దానిని పాలు దక్కని కూతునకు కలిగిన అన్యాయపు ఫలముగా చూచినది. ఈ ఇరువదెనిమిదేండ్లలో శాసనకర్తల ఆలోచన నిషేధమునుండి కారణవిచారమునకు మరలినది. ఇది సామాన్యమైన మార్పు కాదు.

ఐనను అదే చట్టము మరియొక నిబంధనలో, అమలుతేదీకి ముందే వివాహమైన కూతురికి ఈ హక్కు వర్తింపదని చెప్పెను. అంతకుముందే జరిగిన పంపకములను కూడ తాకలేదు. 1985 ఆగస్టులో పెండ్లియైన అక్కకు పాలు లేదు. అక్టోబరులో పెండ్లియైన చెల్లెలికి కలదు. ఇరువురును ఒక తల్లి బిడ్డలే.

జరిగిపోయిన పంపకములను కదలింపకుండుటకు సమర్థనము కలదు. భాగములు పంచుకొని, అమ్మి, కొని, ఇండ్లు కట్టుకొనిన వారి వ్యవహారములను తిరుగదోడినచో మూడవవారికి నష్టము కలుగును. కాని వివాహము పంపకము వంటిది కాదు. కూతురి పెండ్లి జరిగినంతమాత్రమున ఉమ్మడి ఆస్తి విభజింపబడదు. అది చెక్కుచెదరక సోదరుల చేతనే యుండును. అట్లయిన వివాహితను మినహాయించుటకు కారణమేమి? పెండ్లిలో ఆమెకు ఈయవలసినది ఇచ్చివేసితిమను భావము తప్ప మరియొకటి మాకు కానరాదు. పెండ్లిచేసి ఖర్చుపెట్టిన కొడుకును ఎవరును ఇట్లు మినహాయింపలేదు. అనగా పీఠికలో దురాచారమని నిందింపబడిన కట్నమునే, మినహాయింపు నిబంధన కూతురి పాలుగా మౌనముగా లెక్కకట్టినది. ఒకే చట్టమున రాజ్యాంగము పీఠికను వ్రాసినది. సంప్రదాయము గడువును వ్రాసినది.

ఈ విమర్శవలన ఆ చట్టపు గౌరవమును తగ్గించుట మా ఉద్దేశము కాదు. నాటి శాసనసభ్యులలోను, వారిని ఎన్నుకొనిన కుటుంబములలోను అక్కచెల్లెండ్రకు పెండ్లిండ్లు చేసిన అన్నదమ్ములు ఎందరో యుందురు. పెండ్లికావలసిన బిడ్డకు హక్కు నిచ్చుట వారికి రేపటి సంగతి. పెండ్లియైపోయిన సోదరికి నిచ్చుట నేటి పొలమును కొలిపించుట. భవిష్యత్తు ఖర్చున న్యాయము చేయుట సులభము. సంస్కరణము నెగ్గుటకు అది చెల్లించిన మూల్యము ఈ గడువేయని మేము భావింతుము. కాని ఆ మూల్యమును చెల్లించినవారు శాసనకర్తలు కారు. అప్పటికి పెండ్లియైన స్త్రీలు.

న్యాయస్థానములు ఈ గడువును కొంతవరకు సడలించినవి. పంపకపు దావాలో ప్రాథమిక డిక్రీ వెలువడినంతమాత్రమున పంపకము పూర్తియైనట్లు కాదనియు, తుది డిక్రీ కాకమునుపు సవరణ వచ్చినచో పెండ్లికాని కూతుండ్రు పాలు పొందుదురనియు ఆంధ్రప్రదేశ్ వ్యాజ్యమొకదానిలో 1991లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. వివాహపు గీత మాత్రము చెరుగలేదు. 2000 సంవత్సరమున లా కమిషన్ తన 174వ నివేదికలో రాష్ట్రముల సవరణలను సమీక్షించి దేశమంతటికి సంస్కరణను సూచించెను. 2005 సెప్టెంబరు 9న అమలులోనికి వచ్చిన కేంద్రసవరణము వివాహితయైనను కాకున్నను కూతురు దాయాదియేయని నిర్ణయించెను. కాపురపుటింటికి సంబంధించిన ఆంక్షను ఎత్తివేసెను.

అటుపిమ్మట మరియొక గీత పుట్టెను. 2005 సవరణనాటికి తండ్రి జీవించియుండవలెనని 2015లో సుప్రీంకోర్టు చెప్పెను. 2018 నాటి తీర్పు వేరుదారి పట్టెను. తుదకు 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, హక్కు పుట్టుకవలన వచ్చునదే కావున తండ్రి ఆనాటికి జీవించియుండుట అవసరము కాదని తేల్చెను. నోటిమాటతో పంచుకొంటిమను వాదమును సామాన్యముగా అంగీకరింపరాదని కూడ పలికెను. మితాక్షర కొడుకునకు మాత్రమే చెప్పిన ‘పుట్టుక’ యను తర్కము ఇట్లు కూతునకును సంపూర్ణముగా అన్వయించినది. పాతసిద్ధాంతమును త్రోసివేయుటచే గాక, దానిని చివరంట అనుసరించుటచే సంస్కరణము సిద్ధించెనని చెప్పవచ్చును.

ఐనను మిగిలిన గీత యొకటి కలదు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజు మూలముగాగాని కోర్టు డిక్రీ మూలముగాగాని జరిగిన పంపకములు చెల్లును. 1985 సెప్టెంబరు 5కు ముందు వివాహమైన తెలుగుస్త్రీకి హక్కు చేరుటకు 2005 సెప్టెంబరు 9 వరకు, అనగా ఇరువదేండ్ల నాలుగుదినములు, పట్టినది. ఆ మధ్యకాలమున ఆమెను పిలువకయే రిజిస్టరైన పంపకములు న్యాయసమ్మతములే. హక్కు ఆమెకు వచ్చెను. అది వర్తించుటకు ఆస్తి మిగిలియుండెనా యన్నది వేరు ప్రశ్న. ఇవిగాక తండ్రి తన భాగమును వీలునామావలన కొడుకులకే వ్రాయుటకు చట్టము అడ్డుచెప్పదు. ఆడపడుచుచేత హక్కు విడుదల దస్తావేజుపై సంతకము చేయించుకొను వాడుకయు కలదు. పాలు అడిగినచో పుట్టింటి రాకపోకలు తెగునేమోయను భయము ఆ సంతకమునకు ప్రేరకమగుచుండును. ఆ భయమునకు గడువుతేదీని ఏ శాసనమును నిర్ణయింపజాలదు.

కావున ఈ విషయమున పరిశోధింపదలచు విద్యార్థులు చట్టపుపుస్తకములతో తృప్తిపడరాదని మా మనవి. మన రిజిస్ట్రారు కార్యాలయములలోని పంపక, దాన, విడుదల దస్తావేజులు తెలుగువచనమున వ్రాయబడిన సాంఘికచరిత్ర. 1985కు ముందు, 1985–2005 మధ్య, 2005 తరువాత వ్రాయబడిన దస్తావేజులను వరుసగా చదివి, వానిలో కూతురు ఎక్కడ కనబడుచున్నదో, ఏ మాటతో పేర్కొనబడుచున్నదో, ఏ కారణము చెప్పి తన పాలును వదలుకొనుచున్నదో పరిశీలించినచో, శాసనమునకు సమాజము చెప్పిన జవాబు మనకు దొరకును. దాయాది యను మాట చట్టమున స్త్రీకిని అన్వయించినది. వాడుకలో అన్వయించునది ఎప్పుడో ఆ దస్తావేజులే చెప్పవలెను.