గొడ్ల కొట్టం మీది రాతినార

మా హోసూరు పాత ఇల్లు బండల మిద్దె. కృష్ణగిరి సీమలో రాయికి కరువు లేదు కదా, గోడా కప్పూ గడపా అన్నీ రాయే. గొడ్ల కొట్టానికి మాత్రం నాటుపెంకులు ఉండేవి. కోతులు పీకేసేవి, ఏటేటా తిప్పించాల్సి వచ్చేది. అందుకని పెద్దోళ్లు సిమెంటు రేకులు వేయించినారు. 1970ల్లో సిప్కాట్ వచ్చినాక ఊళ్లో షెడ్లకూ, అద్దెగదులకూ ఇవే రేకులు.

ఆ రేకుల్లో సిమెంటుకు బలమిచ్చేది ఆస్బెస్టాస్. తెలుగులో రాతినార, ఇక్కడి తమిళంలో కల్నార్. రెండు భాషలవాళ్లూ ఒకే మాట పెట్టినారు చూడండి! రాయే గానీ నారలా చీలుతుంది. ఇది మనకు పరాయి సరుకేమీ కాదు. కడప జిల్లా పులివెందుల దగ్గర దీని గనులుండేవి. హైదరాబాదులో 1946లో మొదలైన కంపెనీ అమ్మిన 'చార్మినార్' రేకులు తెలియని తెలుగువాళ్లు తక్కువ.

మంటకు కాలదు, తుప్పు పట్టదు, చెదలు తినదు. అయితే కంటికి కనపడని ఆ నార ఊపిరితో లోపలికి పోతే మళ్లీ బయటికి రాదు. ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా లాంటి జబ్బులు 20, 30, 40 ఏండ్లకు గానీ బయటపడవు. 1995లో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమ కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన నాటినుంచి 40 ఏండ్లు, లేదా పని మానినాక 15 ఏండ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచమన్నది అందుకే. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 ఆఖరున దీన్ని నిషేధించినాయి. మన దేశంలో తవ్వకం ఆగింది గానీ తెల్లనార దిగుమతి, రేకుల తయారీ ఆగలేదు. (సున్నం కొట్టిన గోడలకు ఈ భయం లేదు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం గొడవ వేరే కథ.)

చెక్కుచెదరని రేకు అంత ప్రమాదం కాదు. కోసినా, బెజ్జం వేసినా, పగలగొట్టినా దుమ్ము లేస్తుంది. మేము చిన్నప్పుడు చేసిందంతా అదే. పగిలిన ముక్కలు మంటలో వేస్తే టపటపా పేలేవి, చానా సంబరం. మిగిలినవి పొడిచేసి వాకిట్లో గుంతలకు పోసినాము.

పోయిన ఎండాకాలం కొట్టం విప్పడానికి మేస్త్రీ సుత్తితో వచ్చినాడు. ఆపి, రేకులను నీళ్లతో తడిపించి, బోల్టులు విప్పించి, పగలకుండా దించినాము. ఇప్పుడవి పట్ట కింద ఉన్నాయి, ఎవురికీ ఇవ్వలేదు. వాకిలి మాత్రం ఇంకా తవ్వించలేదు. పిల్లలు సెలవులకు వచ్చేలోగా తడిమట్టి పరిచి, పైన బండలు వేయించాలనుకుంటున్నాము.