చార్మినార్ రూపాయి నుంచి స్టీలు రూపాయి దాకా

మొన్న కూరగాయలు కొని, రెండు రూపాయల బిళ్ళ అనుకుని రూపాయి బిళ్ళ ఇచ్చాను. "ఇది రూపాయే సారూ" అని నవ్విందామె. ట్రెజరీలో ఏళ్ళ తరబడి నాణేలు లెక్కపెట్టించిన వాణ్ణి, సిగ్గుపడ్డాను. ఇంటికొచ్చి భూతద్దంతో చూస్తే తప్పంతా నాదే కాదని తేలింది. 2007 నాటి రూపాయి, 2011 నాటి రెండు రూపాయలు రెండూ 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4.85 గ్రాముల బరువు. లోహమూ ఒకటే, స్టీలు.

నాణెం మన ప్రాంతానికి కొత్తది కాదు. నేటి జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డునున్న కోటిలింగాలలో శాతవాహన సిముకుని నాణేలతోపాటు గోభద, నారన, సమగోప వంటి రాజుల నాణేలు దొరికాయి. అవి చిన్నవి, మొరటువి. అయినా ఆ రాజుల పేర్లు మనకు తెలిసింది ఆ బిళ్ళల వల్లనే.

పాతదంతా అందమైనదని నేననను. నిజాం కాలంలో చేత్తో కొట్టిన రూపాయల మీద అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది కావడంతో సగం అక్షరాలు అంచు దాటిపోయేవి. 1903లో సైఫాబాదులో యంత్రాల టంకశాల వచ్చాకే చార్మినార్ రూపాయి పుట్టింది. ఆ హాలీ సిక్కా మీద చార్మినార్ ద్వారంలో పాలకుని పేరులోని తొలి అక్షరం ఉంటుంది: మహబూబ్ అలీకి మీమ్, ఉస్మాన్ అలీకి ఐన్. అంత చిన్న ద్వారంలో అంత తేటగా చెక్కారు. ఆదిలాబాద్ వైపు లంబాడా స్త్రీలు వెండి రూపాయలను దండలుగా గుచ్చి మెడలో వేసుకున్నారంటే వెండి విలువ ఒక్కటే కారణం కాదనుకుంటాను.

కనుక కళను చంపింది యంత్రం కాదు. 1957 ఏప్రిల్ 1న వచ్చిన నయాపైసల్లో ఒకటి గుండ్రం, అయిదు చదరం, రెండు, పది అలల అంచువి. చీకట్లో తడిమినా తెలిసేవి. వెండి అప్పటికే పోయింది; తరువాత నికెల్ ప్రియమైంది, స్టీలు వచ్చింది. స్టీలు గట్టిది, లోతుగా అచ్చు వేస్తే అచ్చులు త్వరగా అరిగిపోతాయి. అందుకే బొమ్మ పలచబడింది. 2007లో రూపాయి మీద బొటనవేలు, రెండు రూపాయల మీద రెండు వేళ్ళు చూపించారు. ఉద్దేశం మంచిదే. కాని నాలుగేళ్ళకే ఆ రూపాయి కొలతలు రెండు రూపాయలకిచ్చారు.

2019లో చూపులేనివారికి అనువుగా కొత్త నాణేలు ప్రకటించారు. ఇరవై రూపాయల నాణేనికి పన్నెండు అంచులు పెట్టారు. సంతోషమే. అయితే పాతవీ చెల్లుబాటులోనే ఉన్నాయి. మన సంచుల్లో అన్నీ కలిసే ఉంటాయి.

వెండి తీగె పనికి 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన జిల్లా మనది. సన్నని పని చేసే చేతులకు ఇక్కడ కొరత లేదు. నాణేల కొలతలు మార్చేటప్పుడు వృద్ధుల వేళ్ళనూ గుర్తుంచుకోమని మన సంఘం ఒక విజ్ఞాపన పంపాలని నా మనవి. వీలైన మిత్రులు 2022లో తెరిచిన సైఫాబాదు టంకశాల మ్యూజియానికి మనవలను తీసుకువెళ్ళండి.