పశువూ ఫీజూ ఒకే ఖాందాన్

నేను డిగ్రీలో చేరిన ఏడు మా అబ్బా రెండు మేకల్ని సంతలో అమ్మి ఫీజు కట్టాడు. ఆ రాత్రి అమ్మీ ఖాళీ గుంజ దిక్కు చూస్తూ కూచోవడం ఇంకా యాదుంది. ఫీజు అనే లఫ్జ్ కడుపులోనే పశువుందని నాకు చాలా ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు.

ఇంగ్లీషు, జర్మన్, డచ్చి, స్వీడిష్‌లకు ఒక పాత తల్లి జబాన్ ఉంది. దాన్ని రెండువేల ఏళ్ల కింద ఉత్తర యూరప్‌లో మాట్లాడేవారు. పిల్లల పోలికలు చూసి తల్లి మొహం గీసినట్టు పండితులు దాని లఫ్జుల్ని తిరిగి కట్టారు. అట్లా కట్టిందే 'ఫెహు'. దాని ముందు చుక్కగుర్తు పెడతారు, ఎక్కడా రాసి దొరకలేదని నిషానీగా. మతలబ్: పశువులు, దౌలత్.

జర్మన్‌లో పశువుల్ని ఇప్పటికీ 'ఫీ' అనే అంటారు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా గోథిక్‌లో చేసిన బైబిల్ తర్జుమాలో అదే లఫ్జుకు డబ్బు అని అర్థం. ఐస్‌లాండ్‌లో గొర్రెలకూ సొమ్ముకూ ఒకటే మాట. ఇంగ్లీషు 'ఫెలో' కూడా ఈ ఇంటిదే. పాత నార్స్‌లో దాని అస్లీ మానీ, సొమ్ము కలిపిన భాగస్తుడు. ఇక 'ఫీ' ఫ్రెంచి మీదుగా తిరిగి ఇంగ్లండు చేరిందని ఎక్కువమంది పండితుల మాట. దొరకు నౌకరీ చేసి అనుభవించే జాగీరు అని మొదటి అర్థం. తర్వాత అది చేసిన పనికిచ్చే పైకమైంది.

ఫెహుకూ ఒక దాదీ ఉంది, 'పెకు'. 1822లో యాకోబ్ గ్రిమ్ ఒక ఖాయిదా వివరించాడు: పాత 'ప' జర్మానిక్‌లో 'ఫ' అయింది, 'క' 'హ' అయింది. ఫారసీ 'పిదర్', ఇంగ్లీషు 'ఫాదర్' పక్కపక్కన పెడితే 'ప' సంగతి తెలుస్తుంది. లాటిన్‌లో డబ్బుకు 'పెకూనియా', సంస్కృతంలో 'పశు' ఆ దాదీ సంతానమే. మన పశువు అక్కణ్ణుంచి వచ్చింది. ఫారసీలో గొర్రెల కాపరిని 'చౌపాన్' అంటారు, పశువుల్ని కాచేవాడని. అందులోనూ ఆ పశువే దాగుంది.

అరబ్బీ 'మాల్' వేరే ఖాందాన్. అయినా ఆస్తీ అదే, ఒంటెల మందా అదే. ఉర్దూలో మాల్‌మవేషీ అంటాం. మన పల్లెల్లో పశువుల్ని సొమ్ములంటారు. ఈ జబాన్లకు రక్తసంబంధం లేదు. గోదాములో ధాన్యం, బ్యాంకులో పైసలు లేని కాలంలో ఎవరికైనా కొట్టంలోని జీవాలే ఖజానా.

అబ్బాకు ఫెహు తెలియదు. మేకలు ఫీజెట్లా అవుతాయో మాత్రం తెలుసు. ఇప్పుడు బేటీ ఫీజు నేను ఫోన్‌లో కడుతున్నా. కట్టిన ప్రతిసారీ ఆ ఖాళీ గుంజ కళ్లముందుకొస్తుంది.